సంస్థకు అంతరాత్మ కలదా?

మనుష్యునికి అంతరాత్మ కలదని అందరును ఒప్పుకొందురు. వేలాదిమంది ఉద్యోగులున్న వ్యాపారసంస్థ మాట ఏమి? అది అబద్ధమాడినప్పుడు ఆడినది ఎవరు? ఇది వేదాంత పాఠశాలలో తేలిపోవు ప్రశ్న కాదు. బ్యాంకులో గాని, ఆసుపత్రిలో గాని, బడిలో గాని జీతమునకు పనిచేయువారికి ఇది ఏదో ఒకనాడు ఎదురుపడును.

అమెరికాలో వెల్స్ ఫార్గో అను పేరుగల బ్యాంకు 1852లో స్థాపింపబడినది. గుర్రపు బండి దాని గుర్తు. నమ్మకము దాని పెట్టుబడి. ప్రతి ఖాతాదారుని కుటుంబమునకు ఎనిమిది రకముల సేవలు అమ్మవలెనని ఆ బ్యాంకు లక్ష్యము పెట్టుకొనెను. ఎనిమిదే ఎందుకు? ఆంగ్లములో ఆ అంకెకు ‘గ్రేట్’ అను మాటతో ప్రాస కుదురునని నాటి ప్రధానాధికారి కారణము చెప్పెను. వేలమంది గుమాస్తాల దినదిన భారమును ఒక ప్రాస నిర్ణయించుట విచిత్రమే గదా!

ఆ భారము శాఖలకు దిగివచ్చి రోజువారీ లెక్కగా మారినది. లెక్క పూర్తి కానివారికి చీవాట్లు, ఉద్యోగభయము. కొందరు ఖాతాదారులకు తెలియకయే వారి పేరిట ఖాతాలు తెరచిరి. లేని చిరునామాలు కల్పించిరి. ఒక ఖాతాలోని సొమ్మును మరియొక దానికి మళ్లించిరి. అడుగని సేవలకు ఖాతాదారులు రుసుము చెల్లించుకొనిరి. 2016 సెప్టెంబరులో ప్రభుత్వ సంస్థలు 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా విధించినవి. అప్పటికి సుమారు 5,300 మందిని బ్యాంకు తొలగించియుండెను. అనుమతి లేని ఖాతాలు 35 లక్షల వరకు ఉండవచ్చునని మరుసటి సంవత్సరము బ్యాంకే అంగీకరించెను.

గమనింపదగినది ఏమనగా, వ్రాతలో ఏ లోపమును లేదు. విలువలను వివరించు పుస్తకము కలదు, నీతిశిక్షణ కలదు, తప్పును రహస్యముగా తెలుపుటకు ఫోను కూడ కలదు. ఏటేట తొలగింపబడువారు నూటికి ఒక్కరే గనుక తక్కినవారందరు మంచివారేనని పెద్దలు సమాధానపడిరి. ఈ లెక్కలోనే అసలు దోషమున్నది. గోతిలో ఒక్కడు పడినచో వాని చూపును శంకింపవచ్చును. వేలమంది అదే గోతిలో పడుచున్నప్పుడు దారి వేసినవానిని పిలిచి అడుగవలెను.

ఆవు చేలో మేసిన దూడ గట్టున మేయునా అని సామెత. ఇక్కడి సంగతి అంతకన్న సూక్ష్మమైనది. గట్టుననే మేయుమని నోటితో చెప్పి, చేలో మేసిననే గాని రాని పాలను ప్రతి సాయంకాలము కొలిచిరి. నిర్గమకాండము అయిదవ అధ్యాయములో ఫరో చేసినదియు ఇదియే. గడ్డి ఇయ్యక, ఇటుకల లెక్కను మాత్రము తగ్గింపలేదు. దెబ్బలు తినినవారు లెక్క వ్రాయించిన నాయకులు. ఫరో ఎవరినీ దొంగిలింపుమనలేదు. అనవలసిన అవసరమే లేదు.

అట్లని గుమాస్తా నిర్దోషి కాడు. దొంగ సంతకము చేసినది చేయియే గాని ‘వాతావరణము’ కాదు. తాము చేయజాలమని ఉద్యోగము విడిచినవారు కలరు. వారుండుటయే తక్కినవారికి సాక్ష్యము. కాని ఇంటద్దె, పిల్లల చదువు, ముసలి తలిదండ్రుల మందులు భుజముపై నున్నవానిని, ప్రతి ఉదయము వీరుడవు కమ్మని కోరు సంస్థ తానే ఒక పాపము చేయుచున్నది. సంస్థ సంస్కృతి యనగా గోడమీది సూక్తులు కావు. ఆ గోడల నడుమ నిజము పలుకుటకు చెల్లింపవలసిన వెల. వెల స్వల్పమైన చోట సామాన్యులు కూడ నిజాయితీపరులుగా నుందురు. వెల జీవనోపాధియే యైన చోట సజ్జనులును తల వంచుకొని మౌనముగా నుందురు. అప్పుడు పైవారికి వార్త అందదు, సంస్థకు కన్నులుండవు. లాభమును కూడ అట్టి సంస్థ ఎంతోకాలము నిలుపుకొనలేదు. 2020లో వెల్స్ ఫార్గో మరి 300 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒడంబడెను. ఆ యేడే దాని మాజీ ప్రధానాధికారి ఇక బ్యాంకు వ్యాపారములో పాల్గొనకుండ జీవితకాల నిషేధమునకు సమ్మతించెను.

అదే బ్యాంకులో లాస్ ఏంజలిస్ ప్రాంతపు మేనేజరొకరు తన క్రింది యిద్దరి పనులలో మోసమున్నదని అనుమానించి, పైవారికిని, ఆ రహస్యపు ఫోనుకును తెలిపెను. 2010లో ఆయన ఉద్యోగము పోయినది. ఆయనను తిరిగి చేర్చుకొని సుమారు 54 లక్షల డాలర్లు చెల్లింపవలెనని కార్మికశాఖ బ్యాంకును ఆదేశించినది 2017 ఏప్రిలులో.