మృత్యువు వరుస

పుట్టినవానికి గిట్టుట తప్పదని ఎల్లరకు తెలియును. తెలిసియు దానిని తప్పించుకొను దారి వెదకుట మానవ స్వభావము. ఈ స్వభావమునే కథావస్తువుగా గొని 2000 సంవత్సరమున జేమ్స్ వాంగ్ దర్శకత్వమున 'ఫైనల్ డెస్టినేషన్' అను అమెరికా భయానక చలనచిత్రము వెలువడెను. 2025 నాటికి ఆ పరంపరలో ఆరు చిత్రములు వచ్చినవి.

న్యూయార్కునుండి పారిస్ నగరమునకు విహారయాత్ర బయలుదేరిన విద్యార్థులలో అలెక్స్ అను బాలునకు, విమానము పేలిపోవుట ముందుగనే గోచరించును. అతడు కేకలు వేయగా చెలరేగిన కలహమువలన ఆరుగురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయిని విమానమునుండి దిగిపోవుదురు. కొంతసేపటికే విమానము ఆకాశమున పేలిపోవును. బ్రదికితిమని వారు తలచుచుండగా, ఆ విమానములో వారు మరణింపవలసిన వరుసలోనే మృత్యువు ఒక్కొక్కరిని వెదకి వచ్చును. అందు మృత్యువునకు రూపము లేదు. స్నానపు గదిలోని తడి, వీధిలోని బస్సు, వంటింటి కత్తి: ఇవియే దాని పాశములు.

ఆ పిల్లలు శకునములు చూచిరి; తరువాతి వంతు ఎవరిదని లెక్కించిరి. అలెక్స్ అడవిలోని యొక గుడిసెలో తలుపులు బిగించుకొని కూర్చుండెను. దొరికిన ఆయువంతయు ఆయువునకు కావలి కాయుటకే సరిపోయెను. వారిని చూచి నవ్వుట తగదు. జాతకమున గండమున్నదని విని, ఆ సంవత్సరమెల్ల బిడ్డను గడప దాటనీయని తల్లిదండ్రులు ఇచ్చటను కలరు. తిథివార నక్షత్రముల భీతిని బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దముననే త్రోసిపుచ్చెను.

అయినను ఆ కథలో ఒక వెలుగు కలదు. తరువాతి వంతు క్లియర్ అను బాలికదని గ్రహించినంతనే అలెక్స్ గుడిసె విడిచి పరుగెత్తెను. తెగిపడిన విద్యుత్తీగవలన కారులో చిక్కుపడిన ఆమెను విడిపించుటకు ఆ తీగను తన చేతులతోనే పట్టుకొనెను. అప్పుడు అతనికి లెక్కలు లేవు. తన వంతను తలంపును లేదు. అతడు నిజముగా బ్రదికిన క్షణమదియే.

మార్కండేయునకును పదునారేండ్లే ఆయువని పురాణము చెప్పును. అతడు దాగుకొనలేదు, శివలింగమును కౌగిలించుకొనెను. యముని పాశము లింగముపై బడెను. ఇష్టలింగమును నిత్యము దేహమున ధరించు భక్తునకు ఆ కౌగిలి ఒకనాటి ఉపాయము కాదు, ప్రతిదిన జీవితము. కావుననే శరణులు మరణమును లింగైక్యమనిరి. చేరవలసిన చోటు అదియే యైనప్పుడు పారిపోవుట ఎచ్చటికి? అందాక చేయవలసినది కాయకము, దాసోహము.

ఆ చిత్రములలో శవాగారపు పనివాని పాత్ర ధరించి, మృత్యువు నియమములను వివరించిన టోనీ టాడ్ అను నటుడు 2024 నవంబరులో కన్నుమూసెను. 2025లో విడుదలయిన చిత్రమున ఆయన కడపటి పలుకులను దర్శకులు ఆయనకే విడిచిపెట్టిరి. వ్యాధిగ్రస్తుడయిన ఆ నటుడు తప్పించుకొను మార్గమును చెప్పలేదు. జీవితము అమూల్యమనియు, ప్రతిక్షణమును ఆనందముగా అనుభవింపుడనియు చెప్పెను.

శరణులారా! వరుసలో మీ స్థానమెంతయో లెక్కింపకుడు. నేటి దినమున ఎవరి కన్నీరు తుడిచితిరో, ఎవరి ఆకలి తీర్చితిరో లెక్కింపుడు. మృత్యువు వచ్చునాటికి మీరు దాగుకొనియుండరాదు, పనిలో ఉండవలెను.