ఒకే అతుకు, వేరు వేరు బతుకులు

1970లో స్కాట్లాండ్‌లో ఒక కుర్రాడి రక్తాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షించిన ఎడిన్‌బరో శాస్త్రవేత్తలకు ఒక వింత కనబడింది. అతని ఒకటో క్రోమోజోమూ, పదకొండో క్రోమోజోమూ చెరోచోట విరిగి, విరిగిన కొసలు తారుమారుగా అతుక్కున్నాయి. బంధువుల రక్తం కూడా చూస్తే, ఆ అతుకు తరతరాలుగా వస్తున్నదేనని తేలింది. ఆ వంశంలో తీవ్రమైన మానసిక వ్యాధులు అతుకు ఉన్నవాళ్ళలోనే ఎక్కువగా ఉన్నాయని 1990లో లాన్సెట్ పత్రిక ప్రకటించింది. 2000లో, ఒకటో క్రోమోజోమ్ విరిగిన చోట ఒక జన్యువు దొరికింది. దానికి డిస్క్-1 అని పేరు పెట్టారు.

అంటే బ్రహ్మరాత దొరికినట్టేనా?

2001లో వచ్చిన లెక్క చూస్తే అలా అనలేం. అతుకు ఉన్న 29 మందిని వైద్యులు పరీక్షించారు. ఏడుగురికి స్కిజోఫ్రీనియా, ఒకరికి బైపోలార్ వ్యాధి, పదిమందికి మళ్ళీ మళ్ళీ వచ్చే డిప్రెషన్ ఉన్నాయి. మిగతా 11 మందికి ఈ మూడింటిలో ఏదీ లేదు. అందరిలో ఉన్నది ఒకే అతుకు. అయినా ఒకరికి లేని గొంతులు వినిపించాయి, ఒకరిని దిగులు మంచం పట్టించింది, ఇంకొకరికి ఈ రెండూ రాలేదు. పైగా ఆ తర్వాత వేలమంది రోగుల జన్యువులను జల్లెడ పట్టినప్పుడు, మామూలుగా వచ్చే స్కిజోఫ్రీనియాకు డిస్క్-1 పెద్ద కారణమని తేలలేదు.

మన దగ్గర ఏదైనా లోపంతో బిడ్డ పుడితే ముందుగా వెతికేది కారణాన్ని కాదు, దోషిని. ‘చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా’ అని ఒక ముసలాయన నిట్టూరుస్తాడు. గ్రహణం వేళ కడుపుతో ఉన్న కోడలు కత్తిపీట ముట్టుకుందని అత్తగారు గుర్తు చేసుకుంటుంది. పాపం పూర్వజన్మదైనా ఈ జన్మదైనా, నింద మాత్రం తల్లి ఒళ్ళోకే వచ్చి పడుతుంది.

ఈ నిందకు శాస్త్రం చెప్పే జవాబు సూటిగా ఉంటుంది. 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపించడం వల్ల వచ్చే పరిస్థితినే చూడండి. గుండెలో లోపాలు, అంగిలి సమస్యలు, రక్తంలో కాల్షియం తగ్గిపోవడం, చదువులో వెనకబాటు దీని గుర్తులు. పెద్దయ్యాక వీళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి స్కిజోఫ్రీనియా తరహా వ్యాధులు వస్తాయి. ఆ చోట క్రోమోజోమ్‌లో దాదాపు ఒకేలా ఉండే వరసలు కొంత ఎడంతో ఉంటాయి. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు ఆ వరసలు ఒకదానికొకటి పొరపాటున జతపడితే, మధ్య ముక్క జారిపోతుంది. పదింట తొమ్మిది కేసుల్లో ఈ లోపం తల్లిలోనూ ఉండదు, తండ్రిలోనూ ఉండదు, బిడ్డలోనే కొత్తగా మొదలవుతుంది. కత్తిపీటకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ధర్మగ్రంథాలన్నీ ఆ అత్తగారి పక్షానే ఉన్నాయనుకుంటే పొరపాటు. మనిషి అనుభవించే ప్రతి సుఖదుఃఖమూ పూర్వకర్మ ఫలమేనా అని శివకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడిగిన ఘట్టం సంయుత్త నికాయంలో ఉంది. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడింటి కలయిక, రుతువుల మార్పు, అజాగ్రత్త నడవడి, దెబ్బలు అంటూ బుద్ధుడు కారణాలను వరసగా చెబుతాడు. కర్మ ఫలం ఎనిమిదోది. అన్నిటికీ కర్మే కారణమనేవాళ్ళు తమకు తెలిసినదాన్ని దాటి మాట్లాడుతున్నారని తేల్చేస్తాడు. చరకుడు శారీరస్థానంలో, బీజంలో ఏ భాగం చెడితే దాని నుంచి ఏర్పడే అవయవం చెడుతుందని రాశాడు. ఆయన కర్మనూ తల్లి ఆహారవిహారాలనూ కారణాల జాబితాలోంచి తీసేయలేదన్నదీ నిజమే. కానీ ఆయుష్షంతా ముందే రాసి ఉంటే మందులెందుకు, వైద్యుడెందుకు అని విమానస్థానంలో వాదించిందీ ఆయనే. యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదంటాడు యేసు. అక్కడితో ఆగితే ఏ తల్లికైనా ఊరటే. దేవుని క్రియలు అతనిలో వెల్లడి కావడానికే అన్న తర్వాతి మాట మాత్రం అంత తేలిగ్గా మింగుడుపడదు. ఒకరి గుడ్డితనం మరొకరికి పాఠం కావడం ఏ న్యాయమని అడగకుండా ఉండలేం.

కర్మను తీసేసి ఆ పీట మీద క్రోమోజోమును కూర్చోబెట్టినా ఒరిగేదేమీ లేదు. ఎడిన్‌బరోలోనే మొదలైన మరో కథ ఆ సంగతి చెబుతుంది. 1965లో పట్రీషియా జేకబ్స్ బృందం కార్‌స్టేర్స్ అనే భద్రతా వైద్యశాలలో ఉన్న మగవాళ్ళను పరీక్షించి, వాళ్ళలో కొందరికి ఒక వై క్రోమోజోమ్ ఎక్కువగా ఉందని గుర్తించింది. ఇంకేం, ‘నేర క్రోమోజోమ్’ పుట్టుకొచ్చింది. షికాగోలో ఎనిమిదిమంది నర్సింగ్ యువతులను చంపిన రిచర్డ్ స్పెక్‌కు కూడా అదే ఉందని 1968లో పత్రికలు రాశాయి. తీరా చూస్తే అతని క్రోమోజోములు మామూలువే. 1976లో డెన్మార్క్ అధ్యయనం వచ్చేసరికి, అదనపు వై ఉన్నవాళ్ళు హింసకు దిగుతారనడానికి ఆధారం దొరకలేదు. ఈలోగా ఆ క్రోమోజోముతో పుట్టిన ఎందరో పిల్లలు, ఏ తప్పూ చేయకముందే అనుమానితులయ్యారు.

‘వాడి ఖర్మ’ అన్నా, ‘వాడి జన్యువు’ అన్నా జరిగేది ఒకటే. ఎదురుగా ఉన్న మనిషిని చూడటం మానేస్తాం. 22వ క్రోమోజోమ్ ముక్క లేని యువకుడు ఉన్నట్టుండి వణికిపోతూ భయపడుతున్నాడంటే అది మనోవ్యాధి కావచ్చు, కాల్షియం పడిపోవడం కావచ్చు. ఒక చిన్న రక్తపరీక్షతో తేలే సంగతి అది. రాత అనుకున్నవాళ్ళు ఆ పరీక్షే చేయించరు. లేని గొంతులు వినిపించడం మొదలైనా, మిగతా రోగులకు పనిచేసే మందులు వీళ్ళకూ పనిచేస్తాయి. క్లోజపీన్ లాంటి మందు వాడేటప్పుడు ఫిట్స్ వచ్చే ముప్పు కాస్త ఎక్కువ కనుక వైద్యుడికి క్రోమోజోమ్ సంగతి ముందే తెలియాలి.

ఇంట్లో 22వ క్రోమోజోమ్ లోపం రిపోర్టు ఉన్నవాళ్ళు దాన్ని బీరువాలో దాచకండి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి, కాల్షియం చూడమని అడగండి. వంశంలో ఇంకెవరికైనా వచ్చే అవకాశం ఉందా అన్నది చెప్పేందుకు హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.