దిగే సుఖం ఎవరిది?

కెనడాలో విస్లర్ అనే ఊరుంది. చలికాలమంతా మంచుమీద జారే జనాన్ని కొండపైకి మోసే లిఫ్టులే, వేసవి వచ్చేసరికి సైకిళ్లను మోస్తాయట. 1999లో దీనికోసం ప్రత్యేకంగా పార్కే తెరిచారు. లిఫ్టులో ఎక్కడం, సైకిలు మీద రివ్వున దిగడం! మా ఆడపడుచు కొడుకు అక్కణ్ణించి నంద్యాల వస్తే నోరు తెరిస్తే ఇవే ముచ్చట్లు.

"ఎక్కకుండా దిగితే అదేం గొప్పరా?" అన్నారు మా అత్తగారు. పుణ్యమైనా సుఖమైనా మోకాళ్లు అరిగితేనే దక్కాలంటారు ఆవిడ.

ఆ అత్తగారే ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లినప్పుడు, ఎగువన జ్వాలా నరసింహస్వామి దగ్గరికి డోలీలో వెళ్లారు. డెబ్బై దాటిన మోకాళ్లు మరి! తప్పు పట్టడానికి నాకు నోరెలా వస్తుంది? కానీ భవనాశి పక్కన రాళ్లమీద డోలీ దించి, మోసినతను తుండుగుడ్డ తీసినప్పుడు భుజం చూశాను. కర్ర ఒరిసినచోట చర్మం కాయలుకాసి నల్లబడిపోయింది.

లిఫ్టుకు భుజం లేదు. అంతవరకు పిల్లాడే నయం. అలాగని అందరూ డోలీ మానేస్తే ఆ భుజానికి కూలి ఎవరిస్తారు చెప్పండి?

"మీరు జాలిపడి నడిస్తే మాకేమొస్తాదమ్మా!" అన్నాడతను నవ్వుతూనే. ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కిందికి వచ్చాక అత్తగారు బేరమాడినదానికన్నా ఎక్కువే ఇచ్చి, "దర్శనంలో సగం నీదే నాయనా" అన్నారు. అతను నోట్లు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.