చల్లని గొట్టము

చదువవలసిన భాగము: మత్తయి 7:1-5



రాజ్‌దూత్ 350 అను మోటారు సైకిలు మీలో కొందరికి జ్ఞాపకముండును. యమహా సహకారముతో ఎస్కార్ట్స్ సంస్థవారు దానిని 1983లో మన దేశమున విడుదల చేసిరి. 347 సి.సి. గల ఆ బండికి సిలిండర్లు రెండు. ఒక్కొక్కదానికి కార్బురేటరు వేరు, పాయింట్లు వేరు, కాయిలు వేరు, ప్లగ్గు వేరు. ఒకే యింట వేరుకాపురమున్న అన్నదమ్ములనుకొనుడి. పెట్రోలు ఖర్చు సంగతి అడుగకుడి.

అట్టి పాతబండి యొకటి నాకున్నది. ఒక వర్షకాలమున అది మిస్సింగు కొట్టసాగెను. అంతకు నెల ముందు మన సంఘ యౌవనుడొకడు దాని కార్బురేటర్లు శుభ్రపరచి యుండెను. "వాడే పాడుచేసినాడు" అని గుడి వాకిట పదిమంది యెదుట అంటిని. అతడు మారు పలుకలేదు. తరువాతి రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదు.

పరీక్ష చేయుటకు నేను కూర్చున్నది ఆ తరువాతనే. ఇంజను కొంతసేపు నడిపి పొగగొట్టములపై నీళ్లు చిలకరించితిని. కుడిగొట్టముమీద చుక్కలు చుయ్యుమని ఆవిరయ్యెను. ఎడమదానిమీద అట్లే నిలిచెను. ఎడమ ప్లగ్గు విప్పగా పెట్రోలుతో తడిసియున్నది. పెట్రోలు అందకపోయిన యెడల అది పొడిగానుండెడిది. అయితే పెట్రోలు మితిమీరినను ప్లగ్గు తడియును గనుక అక్కడ ఆగలేదు. ప్లగ్గులు అటుదిటు మార్చితిని. చల్లదనము ఎడమనే యుండెను. పాయింట్లు తుడిచి సందు 0.35 మిల్లీమీటర్లకు సరిచేసితిని, మార్పు లేదు. ఒకసారి ఒక్కటే మార్చవలెను సుమా! రెండు కలిపి మార్చినచో జబ్బు కుదిరినను దోషి యెవరో తెలియదు. చివరకు ప్లగ్గు క్యాపులు మార్చితిని. అప్పుడు ఎడమగొట్టము వేడెక్కి, కుడిది చల్లబడెను.

ఆ క్యాపు విప్పగా లోపల చిలుము పట్టియున్నది. చౌకగా దొరికెనని కొని తెచ్చి, నా చేతులతో నేనే బిగించినది.

ప్రియులారా, ప్రభువు చెప్పిన మాటలో సహోదరుని కంట నలుసైనను ఉన్నది. నా సంగతి అంతకంటె హీనము. ఆ యౌవనుని కంట ఏమియు లేదు. నా దూలమునే అతని కంట చూచితిని.

మరుసటి ఆదివారము అదే వాకిట, తప్పు నాదని చెప్పితిని. "ఇంటివద్ద చెప్పిన చాలదా, అయ్యగారూ?" అని ఒక పెద్ద నొచ్చుకొనెను. నింద వేసినది ఇంటివద్ద కాదు గదా! ఆ దినమును అతడు రాలేదు. సాయంకాలము క్యాపు జేబులో వేసికొని అతని పాకకు వెళ్లి, క్షమింపుమని అడిగితిని. అతడు క్యాపు తీసికొని వెలుతురుకు పట్టి చాలసేపు చూచెను.

"రెండోది కూడా ఆ రోజే వేశారు కదా, అయ్యగారూ? బండి ఇటు తిప్పండి" అనెను.