బలిపీఠం మీది గూడబాతు



మీ విచారణ దేవాలయం పాతకాలపు మిషనరీలు కట్టించినదైతే, ఈ ఆదివారం పూజకు వెళ్లినపుడు బలిపీఠాన్నీ, దివ్యసత్ప్రసాద మందసం తలుపునూ కాస్త నిదానించి చూడండి. కొన్ని దేవాలయాలలో అక్కడ ఒక పెద్ద ముక్కు పక్షి కనిపిస్తుంది. మెడ వంచి, ముక్కుతో తన రొమ్మును తానే పొడుచుకొని, కారే రక్తాన్ని గూటిలోని పిల్లలకు తాగిస్తున్నట్టు చెక్కి ఉంటుంది. అదే పెలికాన్. మన తెలుగులో గూడబాతు. కరవు కాలంలో తల్లి పక్షి పిల్లలను ఇలా బతికించుకుంటుందని పూర్వపు క్రైస్తవులు నమ్మారు. తన రక్తంతో మనలను పోషించే ప్రభువుకు అది గుర్తుగా నిలిచింది. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు దివ్యసత్ప్రసాదాన్ని స్తుతిస్తూ రాసిన కీర్తనలో యేసును ఈ పక్షి పేరుతోనే పిలిచాడు.

నిజానికి ఏ గూడబాతూ రొమ్ము పొడుచుకోదు. చెరువులో పట్టిన చేపలను మింగి, గూటికి వచ్చి నోరు తెరుస్తుంది. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి దూర్చి తింటుంది. దూరం నుంచి చూసేవారికి తల్లే పిల్లను మింగేస్తున్నదేమో అనిపిస్తుంది. కథ నిజం కాకపోయినంత మాత్రాన గుర్తు చెడిపోదు, ప్రభువు ప్రేమకు లోటూ రాదు. విచారమేమంటే, చెక్కిన పక్షి ముందు కొవ్వొత్తులు వెలిగించే మనలో చాలామంది బతికున్న పక్షిని చూడనే లేదు.

అది ఎక్కడో లేదు. గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువులో, టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో, పాత నెల్లూరు జిల్లాలోని నేలపట్టులో, కొల్లేటి అంచున ఆటపాకలో గూళ్లు కడుతుంది. ఎర్రకాళ్ల కొంగలు కూడా ఈ ఊళ్లలో కొన్నింటికి వస్తాయి. ‘సైబీరియా పక్షులు’ అని పత్రికలు రాస్తుంటాయి గాని, ఈ రెండూ మన దేశపు పక్షులే. నీళ్లు, చేపలు ఉన్నచోటు చూసుకొని తిరుగుతాయి. చుట్టాలని మనం మురిసిపోతున్నవి నిజానికి ఇంటి బిడ్డలు!

ఆకాశపక్షులను చూడమని ప్రభువు కొండమీద బోధించినపుడు మత్తయి వాడిన గ్రీకు మాటకు ఊరకే కన్ను వేయడం అని అర్థం కాదు, తేరిపార చూడడం అని. ఆ వాక్యాన్ని మనం చింత మానమనే ఓదార్పుగా మాత్రమే వింటాము. అందులో ఒక ఆజ్ఞ కూడా ఉంది. లూకా సువార్తలోనైతే ఐదు పిచ్చుకలు రెండు కాసులకు అమ్ముడుపోతాయి. మత్తయి చెప్పిన ధర ప్రకారం కాసుకు రెండు, అంటే ఐదవది కొసరు. వర్తకుడు లెక్కలో వేయని ఆ ఐదవ పిచ్చుకను కూడా దేవుడు మరువడని యేసు చెప్పాడు.

మనమో, వేలకు వేలను మరచిపోయాము. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి జిల్లాలోని అరేడు పరిసరాలలో గూడబాతుల మహా స్థావరాన్ని చూశాడు. సుమారు 3,000 గూళ్లు. 1970ల నాటికి అక్కడ ఒక్క గూడూ లేదు. ఆ తల్లులు ఎటు పోయాయని అడిగినవారు ఎందరు?

పక్షులను కాపాడమని చెప్పడం సులువు, కాపాడేవారికి మాత్రం అది ఖర్చు. చెరువులో చేపల పాట పాడుకున్నవాడికి గూడబాతు నష్టమే. దానిని ఒప్పుకోకుండా అతనికి నీతులు చెప్పడం న్యాయం కాదు. కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో ఈ పక్షులు ఇళ్ల నడుమనున్న చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. ఆ చెట్ల కాపు దెబ్బతింటుంది. అందుకని అక్కడ అటవీశాఖ చెట్టుకు ఇంతని యజమానికి పరిహారం ఇస్తూ వచ్చింది. మైసూరులోని పక్షి ప్రేమికుల సంఘం 1990లలో ఆ ఊరి యువకులతో కలిసి ‘హెజ్జార్లె బళగ’ను ఏర్పరచింది. గూడబాతు చుట్టాలు అని ఆ పేరుకు అర్థం. గాలికి గూటినుంచి పడిన పిల్లలను దొడ్డిలో ఉంచి, చేపలు పెట్టి సాకి, ఎగరగలిగినాక వదిలిపెడతారు. భారం ఒక్కరి మీద పడనీయకపోవడమే ఆ ఊరి గొప్ప అని నా అభిప్రాయం.

గూటిలో గుడ్లమీదనో పిల్లలమీదనో ఉన్న తల్లిని పట్టవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం శాసించింది. ఆ చిన్న ఆజ్ఞకు ఇచ్చిన వాగ్దానం మేలూ, దీర్ఘాయువూ. తల్లిదండ్రులను గౌరవించేవారికి అదే గ్రంథం వాగ్దానం చేసినదీ అదే. జపమాల ముగించుకొని వచ్చిన పిల్లవాడు ఉండేలు చేతబట్టి చెరువుకట్ట ఎక్కితే, సత్యోపదేశం పుస్తకంలో ఈ పుట మనం వారికి చూపలేదన్నమాట. అడవి పక్షిని చంపడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. పండుగ కూరకు కొంగలు తెచ్చే ఇళ్లుంటే పెద్దలు చెప్పండి.

చంపకపోయినా చావులు వస్తాయి. 2021 చివరలో, 2022 మొదట్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు కడుపులో చేరిన పురుగుల వల్ల రాలిపోయాయి. ఏటేటా లెక్క ఉంటేనే ఇలాంటి నష్టం ఎంతో, మరుసటి ఏడు ఎన్ని తిరిగి వచ్చాయో తెలుస్తుంది. ఆ లెక్క శాస్త్రవేత్తలే చేయాలని లేదు. హైదరాబాదులో 1980లో మొదలైన పక్షి పరిశీలకుల సంఘం, ఇప్పటి డెక్కన్ బర్డర్స్, ఉద్యోగులూ విద్యార్థులూ గృహిణులూ కూడిన గుంపే. ఆసియా దేశాలలో ప్రతి జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987లో మొదలైన ఈ పనికి మామూలు జనమే ఆధారం.

మీ విచారణ యువజన సంఘం వచ్చే జనవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున మీ ఊరి చెరువును పంచుకోవచ్చు. ఇద్దరికి ఒక గట్టు చాలు. ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు నోటుబుక్కులో తేదీ, వేళ, పక్షి పేరు, సంఖ్య రాయాలి. పేరు తెలియకపోతే రంగూ, ముక్కు తీరూ రాసుకోండి. దుర్భిణీ లేదని ఆగనక్కరలేదు, గూడబాతు దాదాపు ఐదడుగులుంటుంది. పూజ వేళకు తిరిగి వచ్చేయవచ్చు. గూళ్లున్న చెట్ల కిందికి మాత్రం పోవద్దు. తల్లులు బెదిరి లేచాయంటే కాకులు గుడ్ల మీద వాలతాయి.