చేయి తిరుగుట

విద్యావంతులలో నొక మాట మిక్కిలి ప్రచారములో నున్నది. కవికిగాని చిత్రకారునికిగాని ముందు స్ఫూర్తి కలుగవలెననియు, అది కలుగనిదే కలము పట్టినను కుంచె పట్టినను వ్యర్థమనియు దాని యర్థము. ఆ స్ఫూర్తి యెప్పుడు వచ్చునో యెవరికిని తెలియదు. అది వచ్చువఱకు కళాకారుడు వీథి యరుగుపై కూర్చుండి కాలము గడపినను తప్పులేదట! మా రెంజల్ ప్రాంతమున చెఱకు పండించు రైతు ఈ మాట వినిన నవ్వును. కోసిన చెఱకు గానుగకు చేరుట యాలస్యమైన కొలది దానిలోని తీపి తగ్గిపోవును. కోతనాడు రైతునకు మనసు కుదిరినదా లేదా యని చెఱకు విచారింపదు. రైతునకు లేని యీ సౌకర్యము చిత్రకారునకు మాత్ర మెందులకు? చదువరులు దీనిని కళను గూర్చిన చిన్న ప్రశ్నగా భావింపరాదు. మనము ఎవరి పనిని సృష్టి యనుచున్నాము, ఎవరి పనిని చాకిరి యనుచున్నాము అనునది యిందులో నిమిడియున్నది.

నిత్యము బొమ్మలు వ్రాసి పొట్టపోసికొనువాడు ఎట్లు పని చేయునో చూచినగాని దీనికి సమాధానము దొరకదు. అట్టివారు మనకు మిక్కిలి దూరమున లేరు. గోదావరి దాటి నిర్మలకు పోయిన, పొనికి కఱ్ఱతో బొమ్మలు చెక్కి రంగులు వేయు నకాషీ కుటుంబములు గలవు. నకాషీలలోనే పటములు వ్రాయువారు చేర్యాలలో నున్నారు. ఆ యూరు పూర్వము వరంగల్లు జిల్లాలో నుండెడిది. 2016లో సిద్దిపేట జిల్లాలో చేరినది. పటమనగా బట్టపై వ్రాసిన కథ. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారు, ముదిరాజులకు కథ చెప్పు కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు ఈ పటములను భుజమున వేసికొని యూరూర తిరిగెడివారు. పద్మశాలీలు పెక్కుమంది గల మా జిల్లా చదువరులకు కూనపులివారిని గూర్చి వేఱుగా చెప్పనక్కఱలేదు.

పటమునకు ముందు బట్ట సిద్ధము కావలెను. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి మూడు పూతలు పూయుదురు. ఒక పూత యాఱినగాని మఱియొకటి వేయరాదు. కావున చిత్రకారుని దినచర్యను నిర్ణయించు మొదటి యధికారి సూర్యుడు. ముసురు పట్టిననాడు బట్ట యాఱదు. ఆనాడు రంగులు నూఱుటయో, ఉడుత వెండ్రుకలతో కుంచె కట్టుటయో, ముఖపు బొమ్మలకై చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపి ముద్ద చేయుటయో జరుగును. పని లేని దినము లేదు. బొమ్మ లేని దినములు మాత్రము పెక్కు గలవు. స్ఫూర్తిని గూర్చి మాటలాడువారు ఈ దినములను లెక్కలోనికి తీసికొనరు. వారి దృష్టిలో కళ కుంచె బట్టకు తాకిన క్షణమున పుట్టును. పనివాని దృష్టిలో అది చింతగింజలు నానవేసిన రాత్రియే మొదలైనది.

బట్ట సిద్ధమైన పిమ్మట కుంచెతోనే రేఖలు దించుదురు. సీసపుకడ్డీతో గీచి చెఱిపి మరల గీచు నలవాటు పాతవారికి లేదు. తరువాత బొమ్మల చుట్టును గల చోటునంతయు ఎఱ్ఱరంగుతో నింపుదురు. ఆ మీదట దేహవర్ణములు, వస్త్రములు, నగలు వచ్చును. తుదకు నల్లని రేఖతో కన్ను, ముక్కు, వ్రేళ్లు తేలును. పటము వెడల్పు మూడడుగులకు అటునిటుగా నుండును. పొడవు 40, 50 అడుగులు సాగుటయు గలదు. పూలతీగల యంచులతో దానిని గడులుగా విభజించి, గడికొక ఘట్టము చొప్పున కథను క్రిందికి నడిపింతురు. ఇన్ని గడులలో మార్కండేయుని ముఖము ఎన్నిసార్లు వచ్చునో యూహింపుడు! ప్రతిసారియు అదే కన్ను, అదే ముక్కు. నూతనత్వమే కళకు ప్రాణమని చదివినవారు దీనిని చూచి పెదవి విఱతురు. కాని దూరమున కూర్చున్న వృద్ధుడు, తల్లి యొడిలోని బాలుడు గూడ ప్రతి గడిలోను వీడే మార్కండేయుడని గుర్తుపట్టవలెను గదా! చిత్రకారుడు తన నేర్పును ముఖమును మార్చుటలో చూపడు. తల వాల్చుటలో, చేతి వంపులో, యముని ముందు నిలుచున్న బాలుని మోకాళ్లలో చూపును. మారని దానిని నూఱుసార్లు వ్రాసినవానికిగదా మారవలసినది ఎంత కొంచెమో తెలియునది. మన భాషలో దీనికి చేయి తిరుగుట యని చక్కని పేరున్నది. బుద్ధికి తెలిసినది చేతిలోనికి దిగి, చేయి తనంతట తాను ఆలోచింప నారంభించుటను ఆ రెండు మాటలే చెప్పుచున్నవి.

ఇచ్చట నొక యాక్షేపము గలదు. దానిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. చేసిన పనియే నిత్యము చేసిన మనస్సు మొద్దుబాఱదా? శ్రమను పొగడు మనవంటి వ్యాసకర్తలు సాధారణముగా ఈ ప్రశ్న ప్రక్కగా తప్పించుకొని పోవుదురు. బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారమునందు వేలమంది పనిచేసిరి. అందు బస్తాలు మోసినవాని విషయము చూడుడు. నిన్నటి బస్తా నేటి బస్తాకు ఏమియు నేర్పదు. ముప్పది యేండ్లు మోసినను నడుము వంగుటయే గాని చేయి తిరుగుట యుండదు. ఆ శ్రమ గౌరవింపదగినదే. కాని దానిని సాధనయని పిలిచి యతనిని మెప్పించుట మోసము. ఆ కర్మాగారములోనే పాన్‌మేను అను మఱియొక పనివాడుండెను. చెఱకు రసము కాగి చిక్కనై గింజ కట్టువేళ అతడు పాకమును కొంచెము తీసి గాజుపలకపై పూసి వెలుతురునకు పట్టి చూచును. గింజ సమముగా పెరుగుచున్నదా, నడుమ అక్కఱలేని సన్నగింజ పుట్టినదా యని కనిపెట్టి, రసమును ఎప్పుడు చేర్పవలెనో, ఎప్పుడు దింపవలెనో నిర్ణయించును. యంత్రమెంత పెద్దదైనను ఆ ఘడియలో దానిని నడిపినది యతని కన్ను. ఇతనికిని చేర్యాల చిత్రకారునకును నేను భేదము చూడజాలను. ఇద్దఱికిని నిన్నటి తప్పు నేడు కంటబడును; ఇద్దఱికిని దానిని దిద్దు నధికారము చేతిలో నున్నది. ఈ రెండును ఉన్నచోట నిత్యకృత్యము మనస్సునకు పదును పెట్టును. ఇవి లేనిచోట ఆ నిత్యకృత్యమే దానిని అరగదీయును. కళకును కూలికిని నడుమ మనము గీచిన గీత తప్పుచోట పడినది.

ఒక్క భేదము మాత్రము గలదు. చిత్రకారుని నేర్పు బట్టపై నిలుచును. పాన్‌మేను నేర్పు తేనీటిలో కరగిపోవును. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినప్పుడు పోయిన జీతములను గూర్చి పత్రికలు వ్రాసినవి, వ్రాయవలసినదే. ఆ కన్నులు నేర్చినదంతయు ఏమైనదని మాత్రము ఎవరును అడుగలేదు. అట్టి నేర్పును భద్రపఱచు ప్రదర్శనశాలలు మనకు లేవు.

చదువుకొన్న చిత్రకారులలో గూడ నిత్యాభ్యాసమునే నమ్మినవారు గలరు. సిద్దిపేటలో 1925లో పుట్టిన కాపు రాజయ్యగారు పాఠశాలలో చిత్రలేఖనోపాధ్యాయులుగా పనిచేయుచునే 2012లో మరణించువఱకు బొమ్మలు వ్రాసిరి. బోనములు, బతుకమ్మలు, గొల్లలు, వడ్డెరలు ఆయన వస్తువులు. నకాషీల రేఖను, రంగును ఆయన తక్కువగా చూడలేదు; దానినుండి నేర్చికొనెను. 1963లో ఆ యూరిలోనే లలిత కళా సమితిని స్థాపించి పిల్లలకు కుంచె పట్టించెను. బడి గంటలు, విద్యార్థుల కాగితములు, సంసారము వీనినడుమ స్ఫూర్తికై వేచియుండు తీరిక ఆయనకు దొరకియుండునని నేననుకొనను. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు 1925లో మశూచికముచేత మరణించునాటికి ఆయనకు నిండ 28 ఏండ్లు లేవు. ఆ కొంచెము కాలములోనే ఆయన తైలవర్ణ చిత్రములు, నీటిరంగుల చిత్రములు, పెక్కు చిత్తుబొమ్మలు వ్రాసి విడిచిపోయెను. ఆయుర్దాయ మెంతయో యెవరికి తెలియును? వేచియుండుట యెంత ఖరీదైన యలవాటో ఆ చిత్తుబొమ్మలే సాక్ష్యము.

నకాషీల యిండ్లలో నొక విషయము మన సంస్కర్తలు గమనింపదగి యున్నది. రంగులు నూఱుట, నింపుట, ముఖపు బొమ్మలకు మెఱుగు పెట్టుట మున్నగు పనులలో స్త్రీల చేయి చాల గలదు. పటమును కొనువాడు మాత్రము ఇంటి యజమాని పేరునే అడుగును. నిత్యసాధన గొప్పదని యుపన్యసించు మనము, ఆ సాధన చేసిన చేతులలో సగము చేతులకు పేరు లేకుండుటను సహించుచున్నాము. ఇంకొకటి. గ్రంథములలోని పురాణములు ఏ కులములవారిని గడప వెలుపల నిలిపినవో వారికే ఈ చిత్రకారుడు తమ పురాణమును కన్నులకు కట్టించెను. జాంబపురాణము వినుచు పటములో తన మూలపురుషుని చూచుకొనిన మాదిగ సోదరునకు ఆ యెఱ్ఱని బట్ట యెంత ధైర్యమిచ్చియుండును! ఆ గౌరవము ఏ యొక్కనాటి యావేశముననో పుట్టినది కాదు. గంజి కాచి, సుద్ద పూసి, ఆఱవేసి, మరల పూసిన దినములే దానిని పుట్టించినవి.

అట్లని యువకులకు ప్రతిదినము అభ్యసింపుడని చెప్పి ఊరకుండిన సరిపోదు. చేర్యాల చిత్రకారుడు దినదినము పని చేసినది కేవలము తన పట్టుదలచేత గాదు. ఆ పని కావలసినవారుండిరి. పటము చిరిగి జీర్ణమైన దానిని నీట గలిపి క్రొత్తది వ్రాయించుకొనుట కథకుల యాచారము. ఆ కథకుడు వచ్చి యెదుట కూర్చుండి ఘట్టములను వరుసగా చెప్పును. గడి తప్పిన అతని కథ తప్పును, కథ తప్పిన సభలో నవ్వులపాలగును. అంతకన్న కఠినుడైన పరీక్షకుడు చిత్రకారునకు ఎక్కడ దొరకును? సినిమాలును టెలివిజనును వచ్చిన పిమ్మట కథ వినువారు తగ్గిరి, కథకులు తగ్గిరి, పటములు అడుగువారు తగ్గిరి. నేడు చేర్యాలలో ఈ వృత్తి చేయు కుటుంబములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వారు చిన్న చదరపు బొమ్మలును ముఖపు బొమ్మలును చేసి ప్రదర్శనములలో అమ్ముకొనుచున్నారు. రేఖలో తగ్గుదల లేదు. ఎఱుపు అదే యెఱుపు. పూట గడచుటకు ఆ మార్గము వారికి దొరకినందులకు నేను సంతోషింతును. కాని గోడకు తగులవేయుటకు బొమ్మను కొనిపోవువాడు తరువాతి గడిలో ఏమి జరిగినదని అడుగడు.