మరలివచ్చు విద్య

ప్రతి విద్యకును రెండు మెట్లు కలవు. మొదటి మెట్టున గురువు ఏమి చేయవలెనో నేర్పును. రెండవ మెట్టున ఎప్పుడు చేయకుండవలెనో నేర్పును. మొదటిది చేతులకును కాళ్లకును సంబంధించినది, అభ్యాసముచే లభించును. రెండవది బుద్ధికి సంబంధించినది. అభ్యాసము పెరిగినకొలదియు అది సులభమగుటకు మారుగా దుర్లభమగును. ఏలయన, చేయగల శక్తి కలిగినవానికి చేయకుండుట కష్టము. ఈత రానివాడు వరదలో దిగడు. ఈతలో ఆరితేరినవాడే దిగును. కావున విద్య ముదిరిన చోటనే అపాయమును ముదురుచున్నది. అట్టిచోట మనుష్యుని కాపాడునది ఏది? గురువుపై విశ్వాసమా, స్వీయవివేకమా? ఈ ప్రశ్న ఆధ్యాత్మిక సాధకునకు ఎంత ముఖ్యమో, మంచుకొండల నెక్కువానికిని అంత ముఖ్యము. కొండపై దీనికి సమాధానము శీఘ్రముగా లభించును. పొరపాటునకు మూల్యమును శీఘ్రముగానే చెల్లింపవలసివచ్చును.

మంచుదేశములలో స్కీయింగు అను క్రీడ కలదు. పాదరక్షలకు పొడవైన సన్నని పలకలను బిగించుకొని మంచుపై జారుచు పోవుట ఈ క్రీడ. భారతదేశమున కాశ్మీరములోని గుల్‌మార్గు, ఉత్తరాఖండములోని ఔలీ దీనికి ప్రసిద్ధి చెందిన తావులు. మొదట నేర్చువారికి యంత్రములతో చదును చేసి, కావలివారు పరిశీలించిన వాలులు ఉండును. ఆ హద్దు దాటినపిమ్మట మనుష్యుడు చక్కదిద్దని పర్వతము ఆరంభమగును. అచ్చట పైకి చేర్చు యంత్రములు ఉండవు. పలకల అడుగున బొచ్చు కల పట్టీలను అంటించుకొని నడచి ఎక్కవలెను. ఆ వెండ్రుకలు వెనుకకు వాలియుండుటచే పలక ముందుకు సాగును గాని వెనుకకు జారదు. పూర్వము ఈ పట్టీలను సీలు అను సముద్రజంతువు చర్మముతో చేసెడివారు. ఎత్తు చేరిన పిమ్మట వానిని ఊడదీసి క్రిందికి జారుదురు. ఈ విద్యలో పై తరగతి శిక్షణను అనుభవజ్ఞుడగు మార్గదర్శి వెంట పలుదినములు పర్వతములందే సంచరించుచు పొందుదురు.

వేగముగా జారుటయే ఆ తరగతిలో నేర్పుదురని క్రొత్తవాడు తలచును. నిజమునకు అచ్చట అధికకాలము చూచుటకే వినియోగపడును. వాలు ఎంత నిటారుగా ఉన్నదో కొలుతురు. మంచుచరియలు అధికముగా తెగిపడునవి 30 మొదలు 45 డిగ్రీల వాలులందే; జారుటకు మిక్కిలి ఉల్లాసము గొలుపునవియు ఆ వాలులే. మంచులో గొయ్యి త్రవ్వి పొరలను పరీక్షింతురు. పైకి తెల్లగా ఒకే ముద్దగా కనిపించు మంచు, లోపల ఒక్కొక్క తుఫానుకు ఒక్కొక్క పొరగా పేరుకొని యుండును. వానిలో ఒక్క పొర బలహీనమైనచో మనుష్యుని బరువునకే అది విరిగి, పైనున్నదంతయు బండవలె తెగి జారును. ప్రతివాడును రేడియో సంకేతముల నిచ్చు చిన్న యంత్రమును ధరించి, కడ్డీని, పారను మోసికొనిపోవును. మంచులో కప్పబడినవానిని మొదటి 10, 15 నిమిషములలో వెలికితీయనిచో బ్రతుకు ఆశ వేగముగా సన్నగిల్లును. విశేషమేమన, ఈ క్రీడాకారులను బలిగొను చరియలలో చాలభాగము వారి అడుగువలననో, తోడివాని అడుగువలననో కదలినవే. పర్వతము మనుష్యునిపై పగ బూనదు. అతని కోరికయే అతని బరువును అచ్చటికి మోసికొనిపోవును.

ఇందొక సూక్ష్మము కలదు. మంచు మంచి ఉపాధ్యాయుడు కాదు. నిప్పును ముట్టిన బాలునకు వెంటనే చేయి కాలును; అతడు మరల ముట్టడు. మంచువాలు అట్లు చేయదు. ప్రమాదకరమైన వాలుపై ఒకడు తొమ్మిదిమారులు జారి క్షేమముగా దిగవచ్చును. ఒక్కొక్కమారును అతని మనస్సు తన నిర్ణయము సరియైనదని వ్రాసికొనును. నిజమునకు ఆ తొమ్మిదిమారులును అతడు పొరపడియే ఉండవచ్చును; పదియవమారు మాత్రము పర్వతము బదులు చెప్పును. ఫలము అనుకూలమైనంతమాత్రమున కర్మ సరియైనదని నిర్ణయించుట ఎంత ప్రమాదకరమో ఇంతకంటె స్పష్టముగా చూపు తావు అరుదు. ఫలాసక్తి విడిచి కర్మ నాచరింపుమని గీత బోధించుటను పలువురు త్యాగమునకు సంబంధించిన ఆదర్శముగా మాత్రమే ఎంచుదురు. అది చూపునకు సంబంధించిన నియమము కూడను. శిఖరమును కోరు కన్ను వాలును ఉన్నదున్నట్లు చూడజాలదు. మేఘమును చూచి తేలిపోవుననుకొనును. గాలిని విని తగ్గుచున్నదనుకొనును. కోరిక సాక్ష్యమును దిద్దును.

ఈ సత్యము పర్వతములకే పరిమితము కాదు. పశ్చిమబెంగాలులోని ఖరగ్‌పూరు సమతలమైన ఎఱ్ఱమట్టినేల. మంచు అచ్చట కలలోని మాట. ఒకప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ పట్టణమును పెంచెను. తూర్పుతీరము వెంబడి సాగిన ఇనుపదారిని పట్టుకొని తెలుగు కుటుంబములనేకములు అచ్చటికి చేరి, రైల్వే కొలువులలో కుదురుకొని, తరతరములుగా నివసించుచున్నవి. 1,072 మీటర్ల పొడవుగల ఆ స్టేషను ప్లాట్‌ఫారము 2013 వరకు ప్రపంచములో అతిదీర్ఘమైనదిగా పేరు పొందెను. అట్టి రైల్వే పట్టణమున అందరికిని తెలిసిన ధర్మమొకటి కలదు. ఎఱ్ఱదీపము చూపు సిగ్నలును దాటిన డ్రైవరు, ముందు దారి ఖాళీగా ఉండి ఎట్టి ప్రమాదమును జరుగకపోయినను, అపరాధియే. ఏ బండియు గుద్దుకొనలేదు కదా యను సమాధానము విచారణలో చెల్లదు. క్షేమముగా చేరుట వేరు, సరిగా నడచుట వేరు. మంచుకొండపై మార్గదర్శి నేర్పునదియు ఇదియే. కాని అచ్చట ఎఱ్ఱదీపము ఎవరును వెలిగింపరు. నడచువాడు తనలో తానే దానిని వెలిగించుకొనవలెను.

అట్లయిన మార్గదర్శి ఏల? అతనికి బలమును, అనుభవమును ఎక్కువ, అది నిజమే. కాని అతని అసలు విలువ అందులో లేదు. శిష్యుడు దూరమునుండి ధనము వెచ్చించి, సెలవు సంపాదించుకొని వచ్చినవాడు. నేడు తప్పిన శిఖరము తనకు మరల దొరకదని అతని భయము. మార్గదర్శికి ఆ శిఖరము నేడును ఉన్నది, రేపును ఉన్నది. అందుచే అతని కన్ను నిర్మలము. అయినను ఆ నిర్మలత్వమును చెరుపవచ్చును. 1820లో ఆల్ప్సు పర్వతములందలి మోంట్ బ్లాంక్ శిఖరమునకు హామెల్ అను శాస్త్రజ్ఞుడు బయలుదేరెను. ముందుకు పోవుటకు మార్గదర్శులు సంకోచించిరనియు, యాత్రికుల పట్టుదలచే కదలిరనియు చెప్పుదురు. మంచుచరియ తెగి ముగ్గురు మార్గదర్శులు మరణించిరి. మరుసటి సంవత్సరము, 1821లో, షామొనీ గ్రామమున మార్గదర్శుల సంఘము ఏర్పడెను. మృతుల అవశేషములు 1861లో, హిమానీనదము వానిని దిగువకు మోసికొనివచ్చిన పిమ్మట, బయటపడినవి. గురువును ఫలముకొరకు తొందరపెట్టు శిష్యుడు గురువు కన్నులను కూడ మసకబరచును. ఆ పాపపు భారము గురువొక్కడే మోయునది కాదు.

కావున విధేయతయు వివేకమును పరస్పరవిరుద్ధములు కావు. ఇనుపదారిపై క్రొత్త సెక్షనులో బండి నడపవలసిన డ్రైవరును మొదట ఆ దారిలో పగలును రాత్రియు ప్రయాణము చేయించి, దారి నేర్చికొన్నట్లు సంతకము పుచ్చుకొని, పిమ్మట స్వతంత్రముగా పంపుదురు. తోడువచ్చినవాడు దిగిపోవు దినము వచ్చును. ఆ దినముకొరకే అతడు తోడువచ్చెను. మంచుకొండపై ఉత్తమశిక్షకుడును ఆజ్ఞ ఇచ్చి ఊరకుండడు. ఈ వాలును ఏల విడిచితిమో శిష్యునిచే చెప్పించును. బృందములో ఒక్కడు వలదన్నను, అతడు అందరిలో క్రొత్తవాడైనను, మరలుట మేలని నేర్పును. శిష్యుడు మొదట గురువు కన్నుతో చూచును. క్రమముగా ఆ కన్ను తనలో తెరచుకొనును. అట్లు తెరచుకొననిచో ఎన్ని శిఖరములు చూచినను అతడు మోయబడిన మూటయే గాని నడచినవాడు కాడు.

మరలివచ్చుట పిరికితనము కాదా యని ఆక్షేపింపవచ్చును. పిరికివాడు వాలును చూడకయే మరలును. మూర్ఖుడు చూడకయే ముందుకు పోవును. ఇరువురును చూడనివారే. వివేకి చూచి పోవును, చూచి మరలును. 1952 మే నెలలో టెన్సింగ్ నార్గే, స్విట్జర్లాండు మార్గదర్శియగు రేమండ్ లాంబర్ట్ ఎవరెస్టుపై 8,500 మీటర్లు దాటి, శిఖరము సుమారు 250 మీటర్ల దూరమున ఉండగా మరలిరి. ఇంకను పోయినచో తిరిగిరాజాలమని గ్రహించిరి. మరుసటి సంవత్సరము మే 29న టెన్సింగ్ హిల్లరీతో కూడ శిఖరము చేరెను. 1954లో డార్జిలింగున హిమాలయ పర్వతారోహణ సంస్థ స్థాపింపబడినప్పుడు క్షేత్రశిక్షణకు తొలి అధిపతి ఆయనయే. అయితే 1952లో మరలుట 1953లో లభించిన జయముచేత సరియైనది కాలేదు. ఆయన ఎన్నటికిని శిఖరము చేరకున్నను అది సరియైనదియే.

డార్జిలింగు ఉన్న రాష్ట్రముననే ఉన్న ఖరగ్‌పూరునకును పర్వతములతో ఒక బంధము కలదు. నెల్లూరు జిల్లాలోని గాంధీ జనసంగము అను పల్లెలో 1974లో జన్మించిన మల్లి మస్తాన్‌బాబు అచ్చటి ఐ.ఐ.టి.లో చదివెను. అంతకుముందు ఆయన కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి. అదే పాఠశాలలో చదివి, 1985లో ఎవరెస్టు యాత్రలో అసువులు బాసిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు విగ్రహము ఆ బాలుని మనస్సున పర్వతములపై మక్కువను నాటెనని చెప్పుదురు. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరముతో ఆరంభించి, జూలై 10న అలాస్కాలోని దెనాలితో ముగించి, 172 దినములలో ఏడు ఖండముల ఉన్నతశిఖరములను ఆయన అధిరోహించెను. సమతలమునుండి బయలుదేరిన తెలుగువాని సాధన అట్టిది. 2015 మార్చి 24న దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములందు ఒంటరిగా బయలుదేరి తిరిగిరాలేదు. ఏప్రిల్ 3న ఆయన దేహమును కనుగొనిరి.

ఆయన పొరపడెనని తీర్పు చెప్పుట సులభము. కాని పైన చెప్పిన న్యాయము రెండువైపులను వర్తించును. క్షేమము వివేకమునకు సాక్ష్యము కానట్లే, మరణము అవివేకమునకు సాక్ష్యము కాదు. సరిగా చూచినవానిని సయితము పర్వతము కొనిపోవచ్చును. ఆ చివరి గడియలలో ఆయన ఏమి చూచెనో, ఏమి నిర్ణయించెనో చెప్పుటకు తోడుగా ఎవరును లేరు. తెలియని దానిపై తీర్పు చెప్పువాడు కూడ ఫలమును చూచి కర్మను కొలుచువాడే. బ్రతికియున్నవారు గ్రహింపవలసినది ఒక్కటి: ఒంటరివాని కోరికను ప్రశ్నించుటకు రెండవ కన్ను ఉండదు. ఇది ఆయనపై నింద కాదు. ఒంటరిగా సాగు ప్రతి సాధకునకును హెచ్చరిక. గురువు చెంత ఉండగనే ఆ రెండవ కన్నును తనలో సంపాదించుకొనుట సాధకుని కర్తవ్యము.

ఖరగ్‌పూరువంటి సమతలమున నివసించువానికి మంచువాలు ఎదురుపడదు. అయినను అప్పుపై అప్పు చేసి వ్యాపారమును పెంచబోవు వర్తకునకు, కోపమున కడపటి మాట అనబోవు గృహస్థునకు, అర్హత రాకమునుపే కఠినసాధనకు తొందరపడు భక్తునకు ఆ వాలు ప్రతిదినమును ఎదురగుచునే ఉన్నది. నిన్న క్షేమముగా దాటితిమను ధైర్యము అచ్చట పనికిరాదు. తాను చూచుచున్నది ఎదుటనున్న వాలునా, మనస్సులోని శిఖరమునా అని అడుగు వేయుటకు ముందు ఒక్కమారు నిలిచి తన్ను తాను ప్రశ్నించుకొనువాడు, ముందుకు పోయినను వెనుకకు మరలినను, నేర్వవలసిన విద్యను నేర్చినవాడగును.